కొత్త ఏటీవీ కొన్నారా? సీమ దుమ్ములో దాన్ని కాపాడుకునే పద్ధతి

ఏటీవీ (ఎలాంటి నేల మీదైనా నడిచే నాలుగు చక్రాల బండి)తో పాటు ఇచ్చే పుస్తకంలో సర్వీసు పట్టిక ఉంటుంది. ఆ పట్టిక కింద చిన్న అక్షరాల్లో ఇంకో మాట ఉంటుంది: దుమ్ము, బురద, నీళ్లు, ఎక్కువ బరువు, గంటల తరబడి నెమ్మది నడక ఉన్నచోట ఈ గడువులు తగ్గించుకోవాలని. మన దగ్గర ఆ చిన్న అక్షరాలే అసలు పట్టిక. కళ్యాణదుర్గం ఎర్రనేలల్లో చీనీ తోట చుట్టూ తిరిగే బండికైనా, ఆలూరు, ఆదోని పక్క నల్లరేగడిలో తిరిగేదానికైనా, హగరి ఏటి ఇసుకలో పరిగెత్తేదానికైనా పుస్తకంలో 50 గంటలని ఉంటే 25 అని చదువుకోండి.

గంటలు అని ఎందుకంటే ఏటీవీకి కిలోమీటర్ల లెక్క పనికిరాదు. తోటలో రోజంతా తిరిగినా 15 కిలోమీటర్లు దాటకపోవచ్చు, ఇంజను మాత్రం ఐదారు గంటలు నడిచి ఉంటుంది. పెద్ద బండ్లలో అవర్ మీటర్ డిస్‌ప్లేలోనే ఉంటుంది. 110, 125 సీసీ చిన్న బండ్లలో చాలావాటికి ఉండదు. ప్లగ్గు వైరుకు చుట్టి పెట్టుకునే చిన్న అవర్ మీటర్లు ఆన్‌లైన్లో దొరుకుతాయి, ఒకటి బిగించుకోండి. సీటు కింద ఒక పాకెట్ డైరీ ఉంచి ఆయిల్ ఎప్పుడు మార్చారు, ఫిల్టర్ ఎప్పుడు కడిగారు అన్నది గంటలతో సహా రాయండి. రేపు వారంటీ కోసం మాట్లాడాల్సి వచ్చినా ఆ డైరీయే మీ చేతిలో ఆధారం.

తెచ్చిన రోజే చూడాల్సినవి

డీలరు అంతా చూసే ఇచ్చాడనుకుని తాళం తిప్పకండి. పెట్టెలో వచ్చిన బండికి చక్రాలు, హ్యాండిల్, బ్యాటరీ ఇక్కడే బిగిస్తారు. తప్పు జరిగితే అక్కడే జరుగుతుంది.

మొదట టైర్ల గాలి. రవాణాలో అణగకుండా ఎక్కువ గాలి కొట్టి పంపడం మామూలే. ఏటీవీ టైరుకు కావలసింది మాత్రం చాలా తక్కువ, ఎక్కువ బండ్లకు 4 నుంచి 7 పీఎస్‌ఐ మధ్యే. సరైన అంకె సీటు కింద గానీ, ఫెండర్ మీద గానీ స్టిక్కర్‌పై ఉంటుంది. పంక్చర్ షాపులో వాడే గేజి 5 పీఎస్‌ఐ దగ్గర సరిగా చూపదు. 0 నుంచి 15 వరకు కొలిచే తక్కువ ఒత్తిడి గేజి కొని బండిలోనే పెట్టుకోండి. గాలి కొట్టించేటప్పుడు పక్కనే నిలబడండి. అలవాటు కొద్దీ 30 కొట్టేశారంటే టైరు రిమ్ము మీంచి పగిలి లేచే ప్రమాదం ఉంది.

తర్వాత చక్రాల నట్లు. ఎంత బిగువుండాలో పుస్తకంలో న్యూటన్ మీటర్లలో ఉంటుంది. టార్క్ రెంచితో బిగించి, మొదటి గంట నడిచాక ఒకసారి, 5 గంటలకు మరోసారి చూడాలి. కొత్త రిమ్ముకున్న పెయింటు అణిగి నట్టు వదులవడం సహజం. చైన్ ఉండే చిన్న బండి అయితే వెనక ఇరుసు మీదుండే రెండు పెద్ద లాక్ నట్లను కూడా అప్పుడే చూడండి. అవి వదులైతే చక్రం ఊగుతుంది, ఆపై ఇరుసు మరలు అరిగి అసలుకే ఎసరొస్తుంది.

ఇంజన్ ఆయిల్ చూసే పద్ధతి బండి బండికీ వేరు. కొన్నిటికి డిప్‌స్టిక్ మర తిప్పి బిగించి తీయాలి, కొన్నిటికి మర తిప్పకుండా ఊరికే ఆనించి తీయాలి. ఆయిల్ విడి ట్యాంకులో ఉండే బండ్లకు ఇంజన్ కాసేపు నడిపి ఆపాకే లెవెల్ సరిగ్గా కనిపిస్తుంది. ఇది తెలియక లెవెల్ తక్కువుందని పావు లీటరు ఎక్కువ పోస్తే ఆ ఆయిల్ ఎయిర్ బాక్సులోకి (ఎయిర్ ఫిల్టర్ ఉండే పెట్టె) ఎక్కుతుంది, సైలెన్సర్‌లోంచి నీలి పొగ వస్తుంది. కొత్త బండి ఆయిల్ తాగుతోందని వచ్చే ఫిర్యాదుల్లో కొన్నిటి అసలు సంగతి ఇదే.

కొత్త బ్యాటరీని వాడకముందే పూర్తిగా ఛార్జ్ చేయించాలి. ఆసిడ్ పోసి అరగంటలో బిగించి ఇచ్చేస్తే ఆ బ్యాటరీ ఎప్పటికీ నిండుగా నిలవదు. ఇంటికి తెచ్చాక, బండి ఆపి రాత్రంతా ఉంచి, పొద్దున మీటర్ పెట్టి చూడండి. 12.6 వోల్టులు, ఆపైన ఉంటే మంచిది. 12.4 చూపిస్తే వెంటనే ఛార్జర్‌కు పెట్టండి.

రోడ్డు సంగతి కూడా ఇన్‌వాయిస్ రాయకముందే తేల్చుకోండి. ఏటీవీలు ఎక్కువగా పొలాలకు, సొంత స్థలాలకు మాత్రమే అని అమ్ముతారు. వాటికి రిజిస్ట్రేషన్ ఉండదు, తారు రోడ్డెక్కించకూడదు. తారు రోడ్డు మీద వాటి టైర్లు అరిగే వేగం చూస్తే ఎక్కించాలని కూడా అనిపించదు.

మొదటి 25 గంటలు

కొత్త ఇంజనులో పిస్టన్ రింగులు, సిలిండర్ గోడ ఒకదానికొకటి ఒదగాలి. మొదటి 10 గంటలు ఎక్సలేటర్ సగం దాటకండి. ఆ తర్వాత 25 గంటల దాకా ముప్పావు వరకు, అదీ కొన్ని సెకన్లు మాత్రమే. ఒకే వేగంతో గంటసేపు నడపడం కూడా మంచిది కాదు, పెంచుతూ తగ్గిస్తూ ఉండాలి. ట్రాలీ తగిలించడం, వెనక క్యారియర్ మీద రెండు ఎరువు మూటలు వేయడం ఇప్పుడే వద్దు. పొద్దున స్టార్ట్ చేశాక రెండు మూడు నిమిషాలు ఐడ్లింగ్‌లో ఉంచండి, కానీ పావుగంట నిలబెట్టి రేజ్ చేయకండి.

గేర్లకు బదులు రబ్బరు బెల్టుతో నడిచే పెద్ద బండ్లలో ఆ బెల్టు కూడా ఇదే సమయంలో పుల్లీలకు ఒదుగుతుంది. బ్రేకులు పట్టు దొరికించుకోవడానికి కూడా కొన్ని పదుల సార్లు మెల్లగా నొక్కాలి. మొదటి రోజే గుట్ట దింపుకు తీసుకెళ్లి బ్రేకు మీద వేలాడితే ప్యాడ్లు గాజులా నునుపెక్కిపోతాయి.

20 నుంచి 25 గంటల మధ్య మొదటి ఆయిల్ మార్పు. దీన్ని వాయిదా వేయొద్దు, ఎందుకంటే కొత్త ఇంజను రాల్చే లోహపు పొడి అంతా ఈ ఆయిల్లోనే ఉంటుంది.

1. ఇంజన్ ఐదు నిమిషాలు నడిపి ఆపండి. గోరువెచ్చటి ఆయిల్ పూర్తిగా దిగుతుంది.
2. డ్రెయిన్ బోల్టు చుట్టూ మట్టి తుడిచాకే విప్పండి.
3. బోల్టు కొనకు అయస్కాంతం ఉంటే దాన్ని చూడండి. బూడిదరంగు ముద్దలా సన్నని పొడి ఉంటే భయం లేదు. గోటికి తగిలే రేకులు, ముక్కలు ఉంటే ఫోటో తీసి డీలరుకు చూపండి, మళ్లీ స్టార్ట్ చేయకండి.
4. బోల్టు కింది వాషర్ కొత్తది వేయండి. పాతదే వేసి, కారుతోందని బోల్టును బలంగా బిగిస్తే అల్యూమినియం మర తెగుతుంది.
5. ఫిల్టర్ మార్చండి. ఫిల్టర్ లేని చిన్న ఇంజన్లలో జాలీ ఉంటుంది, దాన్ని కిరోసిన్‌తో కడిగి ఆరబెట్టి వేయండి.
6. ఆయిల్ కొలిచి పోయండి. 110 సీసీకి దాదాపు 0.8 నుంచి 0.9 లీటరు, 500 సీసీ తరహా పెద్ద బండికి దాదాపు 2 లీటర్లు. మీ బండి కచ్చితమైన కొలత పుస్తకంలో ఉంటుంది.

ఏ ఆయిల్ అంటే, క్లచ్ ఆయిల్లో మునిగి ఉండే బండ్లకు డబ్బా మీద జాసో ఎంఏ గానీ, ఎంఏ2 గానీ అన్న గ్రేడు గుర్తు ఉండాలి. కార్లకు వాడే, మైలేజీ పెంచే ఆయిల్లో జారుడు మందులు కలుపుతారు, అది పోస్తే క్లచ్ జారిపోతుంది. చిక్కదనం చాలావాటికి 10డబ్ల్యూ-40. ఏప్రిల్, మే నెలల్లో నీడలోనే 42 డిగ్రీలు చూసే మన ఊళ్లలో 20డబ్ల్యూ-50 వాడొచ్చా అని పుస్తకంలో ఉష్ణోగ్రత పట్టిక చూసి నిర్ణయించుకోండి.

అదే రోజు టాపెట్ సెట్టింగ్ (వాల్వుల దగ్గర ఉండాల్సిన సన్న సందు) కూడా చూపించాలి. ఇంజన్ పూర్తిగా చల్లారి ఉన్నప్పుడే చూడాలి, అందుకే పొద్దున షాపుకు తీసుకెళ్లి అక్కడే వదిలి రావడం మేలు.

ఎయిర్ ఫిల్టర్: ఇంజను ఆయుష్షు ఇక్కడే ఉంది

బండి కొన్న ఏడాదికే సిలిండర్ అరిగి ఇంజను బోరుకొచ్చిందంటే, చాలాసార్లు కారణం ఎయిర్ బాక్సులో దొరుకుతుంది. ఎర్రమట్టి దుమ్ములో సన్నని ఇసుక ఉంటుంది. అది ఆయిల్‌తో కలిసి సిలిండర్ గోడను, రింగులను గరుకు కాగితంలా గీకేస్తుంది. తాడిపత్రి, యర్రగుంట్ల వైపు నాపరాయి పాలిష్ యూనిట్ల పక్క తిరిగే బండ్లకైతే రాతిపొడి ఇంకా సన్నం, మామూలు పేపర్ ఫిల్టర్‌ను త్వరగా మూసేస్తుంది.

వేరుశనగ పీకే రోజుల్లో, వేసవి దుక్కుల్లో ప్రతి 8, 10 గంటలకు ఒకసారి ఫిల్టర్ తెరవాలి. వానాకాలంలో 25 గంటలకు చాలు. ఒకటి బండిలో, ఒకటి కడిగి సిద్ధంగా కవర్లో ఉంచితే పని ఆగదు. ఫోమ్ ఫిల్టర్ కడిగే తీరు ఇది:

ముందు బాక్సు మూత చుట్టూ దుమ్ము బ్రష్‌తో దులపండి, లేకపోతే మూత తీయగానే అదంతా లోపలికే పడుతుంది. ఫోమ్ తీశాక ఇంజను వైపు గొట్టానికి శుభ్రమైన గుడ్డ అడ్డం పెట్టండి. ఫోమ్‌ను కిరోసిన్‌లో ముంచి పిసికి, తర్వాత గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే లిక్విడ్ సబ్బుతో రెండుసార్లు కడగండి. పెట్రోల్‌తో కడగొద్దు, అతుకుల జిగురు కరిగిపోతుంది, నిప్పు ప్రమాదం వేరే. బట్టల్లా మెలిపెట్టి పిండితే ఫోమ్ చిరుగుతుంది, అరచేతుల మధ్య నొక్కి పిండాలి. నీడలో పూర్తిగా ఆరనివ్వండి. ఆరాక ఫోమ్ ఫిల్టర్ ఆయిల్ అన్ని వైపులా పట్టించి, ఎక్కువైంది నొక్కి తీసేయండి. ఫోమ్ రంగు అంతటా ఒకేలా మారి, చేతికి జిగురుగా తగలాలి, బొట్లు కారకూడదు. ఆయిల్ పట్టించని ఫోమ్ దుమ్మును ఆపదు, జల్లెడలా వదిలేస్తుంది.

బిగించేటప్పుడు ఫిల్టర్ అంచుకు సన్నగా గ్రీజు రాయండి. ఆ అంచు దగ్గరే దుమ్ము దారి చేసుకుంటుంది. ఆ తర్వాత ఒక పరీక్ష: రెండు రోజులు నడిపి, ఫిల్టర్ తీసి, ఇంజను వైపు గొట్టం లోపల తెల్ల గుడ్డతో తుడవండి. గుడ్డకు ఎర్రమట్టి అంటితే ఎక్కడో సందుంది. క్లిప్పు, గొట్టం బిగింపు, బాక్సు పగులు వెతికి సరిచేసేదాకా బండి నడపకండి.

పేపర్ ఫిల్టర్ అయితే కడగకూడదు. నేలకు మెల్లగా తట్టి దులపండి. కంప్రెసర్ గాలి గట్టిగా కొడితే కాగితంలో కంటికి కనపడని రంధ్రాలు పడతాయి. రెండుసార్లు దులిపాక మూడోసారికి కొత్తది వేయడం మంచిది. బాక్సు అడుగున చిన్న రబ్బరు గొట్టం ఉంటుంది, దాన్ని నొక్కి అందులో చేరిన నీళ్లు, ఆయిల్ వదిలేయండి. దాని మూత ఊడిపోయి ఉంటే అదొక దొంగదారి.

ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్తుంటే ముందు బండి దుమ్ములో నడపకండి. దుమ్ము సర్దుకునేంత దూరం వదలండి.

బెల్టు కాలిన వాసన

పెద్ద బండ్లలో ఇంజను శక్తి రెండు పుల్లీల మధ్య తిరిగే రబ్బరు బెల్టు ద్వారా చక్రాలకు చేరుతుంది. బెల్టు తెగిపోవడానికి సగం కారణం నడిపేవారి చేతిలోనే ఉంది. గేరు లివర్ మీద హై, లో అని రెండుంటాయి. గంటకు 10, 15 కిలోమీటర్ల లోపు నడుస్తున్నా, ట్రాలీ లాగుతున్నా, గుట్ట ఎక్కుతున్నా, దుక్కి పొలంలో ఉన్నా లో గేరులోనే ఉండాలి. హై గేరులో పెట్టి నెమ్మదిగా బరువు లాగితే బెల్టు పుల్లీల మధ్య జారి కాలుతుంది. బండి గుంతలో ఇరుక్కుని కదలకపోతే ఎక్సలేటర్ నొక్కి పట్టకండి. చక్రం తిరగకుండా ఇంజను తిరిగిందంటే ఆ కొన్ని సెకన్లలోనే బెల్టు మీద ఒకచోట పల్లం పడుతుంది. అప్పటినుంచి బండి కదిలేటప్పుడల్లా టక్ టక్‌మని కుదుపు.

రబ్బరు కాలిన వాసన రాగానే ఆగి, లో గేరుకు మార్చి, పావుగంట చల్లారనివ్వండి. వంకలో నీళ్లు దాటాక ఇంజను అరుస్తూ బండి కదలకపోతే బెల్టు బాక్సులోకి నీళ్లు వెళ్లాయని అర్థం. బాక్సు అడుగున డ్రెయిన్ ప్లగ్గు తీసి నీళ్లు వదలండి, గేరు న్యూట్రల్‌లో పెట్టి పది పదిహేను సార్లు మెల్లగా రేజ్ చేస్తూ ఆరబెట్టండి. తర్వాత లో గేరులో కాస్త నడిపి, పట్టు వచ్చాకే హైకి వెళ్లండి.

50 గంటలకు ఒకసారి బాక్సు తెరిచి బెల్టు చూడాలి. అంచులు నునుపుగా మెరుస్తున్నా, దారాలు బయటికి వచ్చినా, పగుళ్లున్నా, ఒకచోట వెడల్పు తగ్గినా మార్చేయండి. కొత్తది వేసేటప్పుడు బాణం గుర్తు తిరిగే వైపుకే ఉండాలి. పుల్లీల ముఖాలను బ్రేక్ క్లీనర్‌తో తుడవండి, చేతి జిడ్డు కూడా తగలనీయొద్దు, గ్రీజు మాట అసలే ఎత్తొద్దు. తెగిన బెల్టు దారం ముక్కలన్నీ ఏరి తీయండి. ఒక్క ముక్క మిగిలినా అది ఆయిల్ సీలు దగ్గర చుట్టుకుని సీలును కోసేస్తుంది. స్పేర్ బెల్టు, పుల్లీ విప్పే ప్రత్యేక పనిముట్టు బండి కొన్నప్పుడే తెప్పించుకోండి. తెగిన రోజున తెప్పించాలంటే ఆ నాలుగు రోజులూ బండి షెడ్డులోనే.

చైన్ బండికి ఈ గొడవ లేదు. చైన్ వదులు మధ్యలో వేలితో పైకీ కిందికీ కదిపితే 20 నుంచి 30 మి.మీ. ఉండాలి. పాత ఇంజన్ ఆయిల్ పూసే అలవాటుంటే మానేయండి, అది ఇసుకను పట్టుకుని చైన్‌నూ, పళ్ల చక్రాన్నీ తినేస్తుంది. పొడిగా నిలిచే చైన్ స్ప్రే కొట్టి పైజిడ్డు గుడ్డతో తుడవాలి.

ఎండ, రేడియేటర్

ఏటీవీ నెమ్మదిగా నడుస్తుంది కాబట్టి రేడియేటర్‌కు ఎదురుగాలి తగలదు, భారమంతా ఫ్యాన్ మీదే. నల్లరేగడి బురద రేకుల మధ్య పట్టి ఎండిందంటే ఇటుకే. ఇంజను చల్లారాక, మామూలు గొట్టం నీళ్లతో, వీలైతే వెనక నుంచి ముందుకు కడగండి. వాటర్ సర్వీసు షాపులో ప్రెషర్ గన్ దగ్గరగా పెట్టి కొడితే సన్న రేకులు వంగి దారి మూసుకుపోతుంది. బేరింగులు, వైర్ కప్లర్లు, ఎయిర్ బాక్సు మీద కూడా ఆ గన్ పెట్టనీయొద్దు.

కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం. అనంతపురం, కడప బోరు నీళ్లు పోస్తే సున్నంలాంటి పొర లోపల పేరుకుంటుంది, మీ ఇంట్లో గీజర్ కాయిల్ చూస్తే ఆ నీళ్ల సంగతి తెలుస్తుంది. రెడీమిక్స్ కూలెంట్ అయితే నీళ్లు కలపాల్సిన పని లేదు, డబ్బా మీద చదవండి.

వేడి లైటు వెలిగితే బండి నీడకు తీసుకెళ్లి, తాళం ఆన్‌లోనే ఉంచి ఫ్యాన్ తిరుగుతోందా చూడండి. తిరగకపోతే ఫ్యూజు, కప్లరు, రిలే ఈ వరసలో. తిరుగుతూనే ఉంటే బురద, ఆ తర్వాత కూలెంట్ లెవెల్. రేడియేటర్ మూత వేడి మీద తీయకండి, మరిగిన నీళ్లు మొహాన కొడతాయి.

టైర్లు, కంప ముళ్లు

సర్కారు తుమ్మ ముల్లు ఏటీవీ టైరులో సులభంగా దిగబడుతుంది, విరిగి లోపలే ఉంటుంది కూడా. ముల్లు కనపడగానే పీకేయకండి. గాలి నెమ్మదిగా పోతుంటే ఇల్లు చేరేదాకా అదే బిరడా. ప్లగ్గు కిట్టు, సైకిల్ పంపు గానీ 12 వోల్టుల చిన్న కంప్రెసర్ గానీ దగ్గర పెట్టుకున్నాకే తీయండి. తీశాక టైరు లోపలి వైపు విరిగిన ముక్క మిగల్లేదని చూసుకోవాలి. కంప ఎక్కువున్న చోట టైరులో ముందే సీలెంట్ పోయించుకుంటే రోజూ పంక్చర్ గొడవ తప్పుతుంది. పక్క గోడ చిరిగితే మాత్రం ప్లగ్గు నిలవదు, టైరు మార్చాల్సిందే.

ఫోర్ వీల్ (నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే పద్ధతి) వేసినప్పుడు ఎడమ కుడి టైర్లలో గాలి తేడా ఉంటే హ్యాండిల్ ఒక పక్కకు లాగుతుంది. బండి బాగాలేదనుకునే ముందు గేజి పెట్టి చూడండి.

కింద తొంగి చూడండి

నెలకోసారి బండి పక్కన కూర్చుని చక్రాల వెనక చూడండి. ఇరుసుల చివర ముడతల రబ్బరు బూట్లు ఉంటాయి. కంప తగిలి చిరిగితే గ్రీజు చక్రం లోపలి వైపు చిమ్మి నల్లగా కనిపిస్తుంది. అప్పుడే బూటు, గ్రీజు మారిస్తే తక్కువలో పోతుంది. పట్టించుకోకపోతే ఇసుక చేరి, మలుపు తిరిగేటప్పుడు కటకటమని శబ్దం మొదలవుతుంది, ఇక ఇరుసు మొత్తం మార్చాలి.

తోటల్లో వాడేవాళ్లు డ్రిప్పు పైపు సంగతి మరవొద్దు. లాటరల్ ముక్క, సుతిలి తాడు ఇరుసుకు చుట్టుకుంటే పైకి కనపడదు. అది వేడెక్కి సీలును కోస్తుంది, డిఫరెన్షియల్ (ఇరుసు మధ్యనుండే గేర్ల పెట్టె) ఆయిల్ కారిపోతుంది. తాడు తీశాక సీలు చుట్టూ తడి ఉందేమో వేలితో చూడండి.

బండిని జాకీ మీద లేపి, చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపండి, తర్వాత ఎడమా కుడీ పట్టి ఊపండి. పైకీ కిందికీ ఊగితే బాల్ జాయింట్ గానీ, బేరింగ్ గానీ. పక్కలకు ఊగితే స్టీరింగ్ రాడ్ చివర. గ్రీజు కొట్టే నిపుల్స్ ఉన్న చోట పాతది బయటికి వచ్చి కొత్తది కనపడేదాకా గ్రీజు కొట్టాలి, బురదలో తిరిగిన ప్రతిసారీ. బ్రేక్ ప్యాడ్ 1.5 మి.మీ.కు దగ్గరైతే మార్చేయండి. బ్రేక్ ఆయిల్ రెండేళ్లకోసారి, మూత మీద రాసిన గ్రేడే.

ఊరికే నిలబెట్టాల్సి వస్తే

మన బంకుల్లో ఇప్పుడొచ్చే పెట్రోల్లో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటుంది. అది గాలిలో తేమను పీల్చుకుంటుంది. నెల దాటి బండి నిలబెడితే ట్యాంకు నిండా పోసి ఉంచండి, ఖాళీ తక్కువైతే తేమకు చోటుండదు. కార్బొరేటర్ బండి అయితే గిన్నె అడుగున డ్రెయిన్ మర విప్పి అందులోని పెట్రోల్ వదిలేయండి, లేకపోతే సన్న జెట్లో జిగురు పడుతుంది. సీసాల్లో అమ్మే పెట్రోల్ పోయాల్సి వస్తే నీళ్లున్నాయేమో గాజు గ్లాసులో చూసి పోయండి. నీళ్లు ఎక్కువగా ఉంటే అడుగున విడిగా నిలుస్తాయి.

బ్యాటరీ నెగటివ్ తీసేసి, నెలకోసారి ఛార్జ్ చేయండి. ఇంకో శత్రువు ఎలుక. వేరుశనగ మూటలున్న కొట్టంలో బండి పెట్టారంటే ఎలుకలు సీటు కింద గూడు కట్టి వైర్లు కొరుకుతాయి. ఎయిర్ బాక్సు నోట్లో శనగ పొట్టు దూర్చిపెడతాయి. సైలెన్సర్ నోటికి, ఎయిర్ గొట్టానికి గుడ్డ కుక్కి ఉంచండి. తీయడం మరిచిపోకుండా దానికో ఎర్ర తాడు కట్టి హ్యాండిల్‌కు వేలాడదీయండి.

మొరాయిస్తే ఎక్కడ మొదలెట్టాలి

సెల్ఫ్ కొట్టినా చప్పుడే లేకపోతే: హ్యాండిల్ మీది ఎర్ర కిల్ స్విచ్ (ఇంజను ఆపే మీట) ముందు చూడండి. నవ్వొస్తుంది కానీ మెకానిక్కుకు ఫోన్లు చాలాసార్లు దీని గురించే. తర్వాత గేరు పార్క్‌లో గానీ న్యూట్రల్‌లో గానీ ఉందా, బ్రేకు నొక్కి ఉందా. పిల్లల బండ్లలో కొన్నిటికి రిమోట్‌తో ఆపే బాక్సు ఉంటుంది, దాంతో ఆపి ఉంచినా ఇదే గతి. ఆపై మెయిన్ ఫ్యూజు, బ్యాటరీ టెర్మినళ్లు. టక్‌మని ఒక్క శబ్దం వచ్చి ఆగితే బ్యాటరీ బలహీనం, లేదా టెర్మినల్ వదులు. నడుస్తున్న ఇంజనులో కాస్త రేజ్ చేసి బ్యాటరీ మీద మీటర్ పెడితే దాదాపు 13.8 నుంచి 14.5 వోల్టులు రావాలి. 13 దాటకపోతే ఛార్జింగ్ లేదు, కొత్త బ్యాటరీ వేసినా వారంలో అదీ పోతుంది.

సెల్ఫ్ తిరుగుతుంది, స్టార్ట్ కాదు: తాళం ఆన్ చేయగానే ట్యాంకులో పంపు రెండు మూడు సెకన్లు ‘జీ’ మనాలి. వినపడకపోతే పంపు ఫ్యూజు. కార్బొరేటర్ బండికి పెట్రోల్ ట్యాపు, చోక్. ప్లగ్గు తీసి చూడండి. తడిసి ఉంటే పెట్రోల్ ఎక్కువైంది, ప్లగ్గు ఆరబెట్టి, ఎక్సలేటర్ పూర్తిగా నొక్కి పట్టి సెల్ఫ్ కొట్టండి. నల్లటి మసి ఉంటే ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయింది, లేదా చోక్ ఇరుక్కుంది. తెల్లగా పొక్కినట్టుంటే గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ. గొట్టం లీకు వెతకండి. ప్లగ్గు, పెట్రోల్, బ్యాటరీ అన్నీ బాగుండీ పొద్దున మాత్రమే మొరాయిస్తే, రోజురోజుకూ అది ఎక్కువవుతుంటే టాపెట్ బిగుసుకుపోయిందని అనుమానించండి. చిన్న ఇంజన్లలో ఇది మామూలు, ఆలస్యం చేస్తే వాల్వు కాలుతుంది.

పికప్ లేదు, మిస్సింగ్: ఎయిర్ ఫిల్టర్ తీసి చూడటమే మొదటి పని. తర్వాత పెట్రోల్లో నీళ్లు. తర్వాత బెల్టు. కొన్ని పెద్ద బండ్లలో బ్రేకు స్విచ్ ఇరుక్కుని ఉంటే కంప్యూటర్ ఇంజను శక్తిని కట్ చేస్తుంది, బ్రేకు లైటు వెలిగే ఉందేమో చూడండి. రివర్స్‌లో వేగం పెరగకపోవడం మాత్రం రోగం కాదు, కంపెనీ పెట్టిన పరిమితి.

ఇంజను నడుస్తుంది, చక్రం కదలదు: బెల్టు తెగింది, లేదా చైన్ ఊడింది.

ఫోర్ వీల్ పడటం లేదు: స్విచ్ వేసి ఊరికే నిలబడితే పడదు, చక్రాలు కాస్త తిరగాలి. మెల్లగా రెండు మీటర్లు కదిలించి చూడండి. అప్పటికీ పడకపోతే ఫ్యూజు, ముందు డిఫరెన్షియల్ దగ్గర వైర్ కప్లరులో బురద.

పొగ: నీలి పొగ అంటే ఆయిల్ కాలుతోంది. మొదట లెవెల్ ఎక్కువుందా చూడండి, కాకపోతే రింగులు. నల్లపొగ ఫిల్టర్ మూసుకుపోతే. పొద్దున కాసేపు కనిపించే తెల్ల ఆవిరి మామూలు. వేడెక్కాక కూడా ఆగకపోతే, కూలెంట్ తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ చూపించండి.

నీళ్లలో మునిగితే

చెరువు కట్ట కిందో, వంకలోనో బండి మునిగి ఆగిపోతే సెల్ఫ్ కొట్టకండి. నీళ్లు నొక్కుడు పడవు, సిలిండర్లో నీళ్లుండగా పిస్టన్ పైకి వస్తే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఒడ్డుకు లాగి, బ్యాటరీ తీసి, ఎయిర్ బాక్సులో నీళ్లు ఒలకబోసి, ప్లగ్గు విప్పండి. ప్లగ్గు వైరు పక్కకు జరిపి, బ్యాటరీ తిరిగి తగిలించి సెల్ఫ్ కొన్ని సెకన్లు కొడితే ప్లగ్గు రంధ్రంలోంచి నీళ్లు చిమ్ముతాయి. ఆ పక్క ముఖం పెట్టకండి. డిప్‌స్టిక్ తీసి చూడండి. ఆయిల్ పాలు కలిపిన టీలా ఉంటే లోపలికి నీళ్లు వెళ్లాయి. ఆ ఆయిల్, ఫిల్టర్ తీసేసి చవకైన మంచి ఆయిల్ పోసి ఐదు నిమిషాలు ఐడ్లింగ్‌లో నడిపి మళ్లీ వదలండి. తెల్లదనం పోయేదాకా రెండు మూడు సార్లు ఇదే పని. ముందు, వెనక డిఫరెన్షియల్ ఆయిళ్లు, బెల్టు బాక్సు, బ్రేకులు కూడా అదే రోజు చూడాలి. ఒక్క రాత్రి అలాగే వదిలితే బేరింగుల మీద తుప్పు మొదలవుతుంది.